ఇంజనుకి పెట్టిన బొట్టు

మా పాత అంబాసిడర్ డాష్‌బోర్డులో ఒక ఎర్ర లైటుంది. తాళం తిప్పగానే వెలగాలి, ఇంజను అందుకోగానే ఆరిపోవాలి. ఆరలేదంటే డైనమో నుంచి బ్యాటరీకి చార్జింగ్ వెళ్లడం లేదని అర్థం. ఈ ఆషాఢంలో నిడదవోలు నుంచి వస్తూ బ్యారేజీ ఎక్కానో లేదో, అది వెలిగింది. ధవళేశ్వరంలో మా ఇంటి ముందు ఆపేదాకా వెలుగుతూనే ఉంది. విసుక్కుందామన్నా పక్క సీట్లో ఎవరూ లేరు. మా ఆవిడ మొన్న మాఘంలో పోయింది.

ఇరిగేషన్ ఆఫీసులో ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేసినా, ఈ బండి దగ్గర మాత్రం నేను ఇంజనీరునే. దీని మీద ఇంకొకరి చేత చెయ్యి వేయించడం నాకు నామోషీ. మర్నాడు పొద్దున్నే బానెట్ ఎత్తాను. ఫ్యాన్ బెల్ట్‌ని బొటనవేలితో నొక్కి చూస్తే బిగువుగానే ఉంది. బ్యాటరీ టెర్మినల్స్ మీద తెల్లగా పట్టినదంతా వేడినీళ్లతో కడిగాను. డైనమో విప్పి కొత్త బ్రష్‌లు వేశాను. చేతులు నల్లబడ్డాయి, నడుం పట్టేసింది, లైటు మాత్రం ఆరలేదు.

ఇంక చూడాల్సింది ఒక్కటే. డైనమోకీ బ్యాటరీకీ మధ్య ఒక నల్లటి డబ్బా ఉంటుంది, మెకానిక్కులు దాన్ని కటౌట్ అంటారు. బ్యాటరీకి కరెంటు ఎంత పంపాలో చూసుకునేది అదే. దాన్ని నేను ముట్టుకోలేదు. దాని మీద మా ఆవిడ పెట్టిన బొట్టు ఉంది.

దసరా వచ్చిందంటే ఆవిడ ఇంట్లో ఇనుమన్నదాన్ని దేన్నీ వదిలేది కాదు. కత్తిపీటకి, కుట్టుమిషనుకి, నీళ్ల మోటారుకి, అన్నిటికీ బొట్లే. కారుకైతే నాలుగు చక్రాలకీ, స్టీరింగుకీ. పోయిన దసరాకి ఎందుకో బానెట్ కూడా ఎత్తమంది. పసుపు గిన్నె పట్టుకుని, కొంగు నడుముకి దోపుకుని, "ఇందులో అసలైంది ఏదండీ?" అని అడిగింది.

ముప్పై అయిదేళ్ల కాపురంలో ఆవిడ నన్ను ఇంజను గురించి అడగడం అదే మొదలు. పొంగిపోయాను. కటౌట్ చూపించి, అది లేకపోతే బండే లేదని పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. ఆవిడ బుద్ధిగా విని, తడి పసుపు మూడు వేళ్లతో తీసి, సరిగ్గా వైర్లు బిగించిన స్క్రూల వరస మీద అడ్డంగా రాసేసింది. మధ్యలో కుంకుమ అద్దింది.

"కరెంటు దగ్గర నీళ్లేంటే, బుద్ధుందా!" అని వీధంతా వినపడేలా అరిచాను.

"చక్రాలకి పెట్టి, అసలైనదానికి పెట్టకపోతే ఎలాగండీ?" అంది. గుడ్డతో తుడవబోతే నా చెయ్యి పట్టుకుంది. "పండగ పూట తుడవకూడదు. రేపు మీ ఇష్టం."

ఆ రేపు బద్ధకించాను. తర్వాత మరిచిపోయాను. మాఘం తర్వాత తుడవలేకపోయాను. ఫొటోలున్నాయి, బీరువా నిండా చీరలున్నాయి, కానీ ఆ మూడు గీతలు ఆవిడ వేళ్లు. ఉంగరపు వేలి గీత కాస్త వంకర కూడా పోయింది. రోజూ రేడియేటర్‌లో నీళ్లు చూసే వంకన బానెట్ ఎత్తి, చూసుకుని, దించేసేవాణ్ణి. నీళ్లు తగులుతాయని బండిని సర్వీసింగ్‌కి ఇవ్వడం మానేశాను. ఉన్నన్నాళ్లూ ఆవిడ బొట్లన్నీ సణుక్కుంటూ తుడిచినవాణ్ణి, ఇప్పుడు దీనికి కాపలా కాస్తున్నాను. ఆవిడ కావాలనిపిస్తోంది, అంతే.

నాలుగు రోజులకి బ్యాటరీ సెల్ఫ్ తిప్పలేనంతగా పడిపోయింది. పక్కింటివాళ్లు తోస్తే స్టార్టయింది. ఇంజను ఆపకుండా రాజమండ్రిలో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్లాను. అతను నన్నెరగడు, నేనతన్నెరగను. టెస్ట్ లైటుతో అక్కడా ఇక్కడా చూసి, రెండు నిమిషాల్లో కటౌట్ మీద వేలు పెట్టాడు.

"చిలుము పట్టేసిందండి. పసుపు తడి, పైన ఈ వానలు. గీకేస్తే సరిపోద్ది."

"వద్దండి. కొత్తది వేసేసి, దీన్ని నాకిచ్చెయ్యండి" అన్నాను.

"కొత్తవి ఎక్కడున్నాయండి? రావడం మానేసి చాలా కాలమైంది. ఇది బాగుంటేనే మీ బండి."

ఫోన్‌తో ఫొటో తీశాను. అందులో అది గ్రీజు మరకలా కనపడింది. అతను స్క్రూడ్రైవర్ పట్టుకుని నిలబడ్డాడు. ఇంజను ఆపేసి, అతని దగ్గర ఎమరీ పేపర్ అడిగి తీసుకున్నాను. తియ్యాల్సి వస్తే నేనే తియ్యాలి. బ్యాటరీ వైరు ఊడదీసి, ఒక్కొక్క స్క్రూ విప్పి గీకాను. పసుపు పొడిలా రాలింది. ఉంగరపు వేలి గీతని చివరికి ఉంచాను, అదీ పోయింది. ఈసారి నా చెయ్యి ఎవరూ పట్టుకోలేదు. కళ్లల్లో నీళ్లు తిరిగితే, బానెట్ కిందకి ఇంకాస్త వంగాను.

వైర్లు బిగించి, అతని బ్యాటరీ తగిలించి స్టార్ట్ చేశాం. ఎర్ర లైటు ఆరిపోయింది.

"ఇంట్లో అమ్మగారికి చెప్పండి" అన్నాడతను చేతులు తుడుచుకుంటూ. "వచ్చే దసరాకి ఎక్కడైనా పెట్టుకోమనండి, ఇక్కడ మాత్రం వద్దని."

"చెప్తానండి" అన్నాను. "నా మాట వింటే కదా."