తికమకకు అర్థం చెప్పిన టీచరమ్మ

మొన్న సోమవారం మా టీచరమ్మ కన్నుమూశారు. ఆఫీసు క్యాంటీన్‌లో ఉండగా అన్న ఫోన్ చేశాడు. "టీచరమ్మ పోయింది. పొద్దుగాల, చందానగర్ దవాఖానల," అన్నాడు. ఎదురుగా కూర్చున్నవాళ్లు ఏదో అడుగుతున్నారు. నాకు వినపడలేదు.

మీలో చాలామందికి ఆమె తెలియదు. లింగంపల్లి స్టేషన్ దగ్గర ఒక కిరాయి ఇంట్లో, ముందు గదిలో, ఇంగ్లీషు మాట్లాడడం నేర్పేవారు. భర్త ఉద్యోగం మీద కోస్తా నుంచి వచ్చి, ఆయన పోయాక కూడా ఇక్కడే ఉండిపోయారు. గోడకు ఒక శిలువ, దాని పక్కన నల్లబల్ల, కింద చాపలు. ఎంత చిన్నవాళ్లనైనా ‘అండి’ అనేవారు. పాఠానికి ముందు "తిన్నారా అండి?" అని అడిగేవారు. లేదంటే లోపలి నుంచి అటుకుల ఉప్మా వచ్చేది.

నేను అక్కడికి అవమానంతో వెళ్లాను. డిగ్రీ అయ్యాక హైటెక్ సిటీలో ఒక ఇంటర్వ్యూలో ప్రశ్న అర్థం కాక ‘ఐ యామ్ కన్‌ఫ్యూజింగ్’ అన్నాను. లోపలున్నవాళ్లంతా నవ్వారు. ఎందుకో తెలియక నేనూ నవ్వాను.

ఈ సంగతి చెబితే టీచరమ్మ నవ్వలేదు. "తెలుగులో ‘కన్‌ఫ్యూజ్ అవుతున్నా’ అంటాం కదండి, అందుకే అలా వచ్చింది. తికమక పెట్టేది కన్‌ఫ్యూజింగ్. తికమక పడ్డవాళ్లు కన్‌ఫ్యూజ్‌డ్. ఆ ప్రశ్న కన్‌ఫ్యూజింగ్‌గా ఉంది, మీరు కన్‌ఫ్యూజ్‌డ్ అయ్యారు. తప్పు ప్రశ్నది కూడా కావచ్చు కదా," అన్నారు. ఆ చివరి మాటకు నాకు కళ్లనీళ్లు వచ్చాయి.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. అన్న ఎప్పుడూ ధర్నాల్లో, రోడ్ల మీది వంటావార్పుల్లో ఉండేవాడు. నేనెవరి దగ్గర నేర్చుకుంటున్నానో తెలిసి మండిపడ్డాడు. "మన మాట మీద నవ్వేటోళ్ల దగ్గరికే పోతవా?"

"ఆమె నవ్వదన్నా," అన్నాను. నమ్మలేదు.

నవ్వింది క్లాసులో ఇంకో అమ్మాయి. ఒకరోజు నేను "గిట్ల రాయాల్నా టీచరమ్మా?" అని అడిగితే, తనూ కోస్తా నుంచే వచ్చిన ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది. టీచరమ్మ ఆమెను ఏమీ అనలేదు. నల్లబల్ల వైపు తిరిగారు.

"ఈరోజు కన్‌ఫ్యూజ్ తర్వాత ‘విత్’ వాడదాం. ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకోవడం. తలా ఒక వాక్యం చెప్పండి."

ఒకరు కవల పిల్లల మీద చెప్పారు, ఒకరు ఉప్పూ చక్కెరా మీద. నా వంతు వచ్చింది. ‘పీపుల్ కన్‌ఫ్యూజ్ మై లాంగ్వేజ్ విత్ బ్యాడ్ లాంగ్వేజ్’ అన్నాను.

ఆమె దాన్ని పెద్ద అక్షరాలతో రాశారు. "వాక్యంలో తప్పేమీ లేదు," అన్నారు. సుద్దముక్క కింద పెట్టి, "తప్పు నాదండి. ఈ ఊరు వచ్చిన కొత్తలో కూరగాయలామె ‘ఏం గావాలె’ అంటే నన్ను కసురుతోందనుకున్నాను. ఆవిడేమో రోజూ కొసరు కొత్తిమీర వేసేది," అన్నారు.

ఆ సాయంత్రం నవ్వినమ్మాయి స్టేషన్ దాకా నా పక్కనే నడిచింది. సమోసా తుంచి సగం నా చేతిలో పెట్టింది.

ఇంకో కంపెనీ ఇంటర్వ్యూకు రమ్మన్న రోజునే ఉద్యమం బంద్. బస్సుల్లేవు, ఆటోల్లేవు. పొద్దున్నే టీచరమ్మ మా గేటు ముందు నిలబడి ఉన్నారు.

"బాబూ, మీ చెల్లెల్ని బండి మీద దింపుతారా? దారిలో ఆపితే మీ మాట వింటారు. నా మాట వినరు," అన్నారు అన్నతో.

అన్న ఆమెను ఎగాదిగా చూశాడు. "ఒక్కరే నడుసుకుంట వచ్చిండ్రా? బయం గాలేదా?"

"అయిందండి."

అన్న బండి తీశాడు. దారిలో రెండు చోట్ల ఆపారు. రెండు చోట్లా అన్నే మాట్లాడాడు. ఇంటర్వ్యూలో మళ్లీ ఒక ప్రశ్న అర్థం కాలేదు. ‘ఐ యామ్ కన్‌ఫ్యూజ్‌డ్, ఇంకోసారి అడుగుతారా’ అని ఇంగ్లీషులో నింపాదిగా అన్నాను. ఎవరూ నవ్వలేదు. ఉద్యోగం వచ్చింది.

రాష్ట్రం వచ్చినప్పుడు అన్న మిఠాయి డబ్బా పట్టుకుని ఆమె ఇంటికి వెళ్లాడు, నేనూ వెంట ఉన్నాను. "మా అక్క, ఇక మన ఊరికి వచ్చేయమంటోంది బాబూ," అన్నారామె.

"ఎందుకు పోవాలె? ముందుగాల జర తీపి తినుండ్రి," అన్నాడు అన్న. ఆమె తిన్నారు. వెళ్లలేదు.

ఆ తర్వాత నా ఆదివారాలు ఆమెతోనే గడిచేవి. "భాష రాకపోవడం వేరు, చెప్పడానికి ఏమీ లేకపోవడం వేరు. మీ ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకు మీరైనా చెప్పండి," అనేవారు. ఈ ఆదివారం ఎక్కడికి వెళ్లాలో నాకు తెలియడం లేదు. ఆ గొంతు ఒక్కసారి వినాలని ఉంది.

మంగళవారం సాయంత్రం సమాధుల తోటలో చర్చివాళ్లు పాట అందుకున్నారు. అన్నకు ఆ పాట రాదు. నెరిసిన గడ్డంతో, గుప్పిట్లో మట్టితో, పక్కాయన పెదవులు చూస్తూ ఒక్కో మాటా పలుకుతున్నాడు. అందరూ చరణం ముగించి ఆగిన తర్వాత కూడా అతని గొంతు ఒక్కటే, కాస్త వెనకగా, ఇంకా వినబడుతూనే ఉంది.