ముందు పీల్చేదెవరు

ఆ సంవత్సరాల్లో జమ్మలమడుగు ప్రాంతంలో టార్చిలైటు బ్యాటరీ కొనాలన్నా ముందు ఆ అంగడి ఏ పార్టీ వాళ్లదో చూసుకోవాలి. అది వెలుగుతుందా లేదా అన్నది ఇంటికి పోయాక తేలే సంగతి. ఎదుటి పార్టీ అంగట్లో మంచి సరుకు ఉందని ఒప్పుకోవడం కంటే చీకట్లో నడవడమే మర్యాద అనుకునేవాళ్లు. దాన్ని పౌరుషం అనేవాళ్లు. పౌరుషం మీద ఇప్పటికే కావలసినంత రాశారు. ఇది రబ్బరు గొట్టాల కథ.

మహబూబ్ బాషా పద్నాలుగేళ్లు కువైట్ రేవులో ఓడల అడుగున పని చేశాడు. వీపున గాలి సిలిండరు, నోట్లో రబ్బరు మూతి, చేతిలో ఇనప రేకు. ఓడ పొట్టకు అంటుకున్న గుల్లల్ని గీకడం ఆయన ఉద్యోగం. కంపెనీ మూతబడ్డాక జమ్మలమడుగు వచ్చి బోరు మోటార్లు బాగుచేసుకుంటూ కూర్చున్నాడు. సముద్రం లేని జిల్లాలో మునిగేవాడికి పనేముంది? ఊళ్లో చేప బాషా అని పేరు పెట్టారు. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

2001 అక్టోబరు వానలు ఆయనకు పని తెచ్చాయి. ఊరికీ ప్రొద్దుటూరుకూ నడుమ పక్కపక్కనే రెండు బండల గనులుండేవి. తూర్పు గని ఒక పార్టీ నాయకుడిది, పడమటి గని ఎదుటి పార్టీ నాయకుడిది. మధ్యనున్న మట్టి గట్టు ఎవరిదని ఆరేళ్లుగా తలలు పగులుతూ వచ్చాయి. మూడు రోజుల వానకు ఆ గట్టు కరిగిపోయింది. రెండు గనులూ ఒకే మడుగయ్యాయి. అరవై అడుగుల నీళ్ల కింద ఇద్దరి మోటార్లూ, ఇద్దరి కోత మిషన్లూ ఉండిపోయాయి. మూడు వందల మంది కూలీలు గట్టున కూర్చున్నారు.

ఎవరో ఒకరు దిగి మోటార్లకు గొలుసు తగిలించాలి. దిగగలిగినవాడు జిల్లాలో ఒక్కడే. ఇద్దరు నాయకులూ ఒకే రోజు కబురు పంపారు. మునిగే సామాను తెప్పిస్తే దిగుతానని బాషా ఇద్దరికీ చెప్పాడు. ఆయన జీవితంలో చేసిన పెద్ద తప్పు అదే. వారం తిరక్కుండానే ఆయన ఇంటి ముందు రెండు జీపులు ఆగాయి, ఒక్కో జీపులో ఒక్కో సెట్టు!

తూర్పు వాళ్లది అట్టపెట్టె విప్పని కొత్త సెట్టు. పెద్ద విదేశీ కంపెనీ పేరు మెరుస్తోంది. పడమటి వాళ్లది ఏదో రేవులో కొన్న పాతది. దాని పేరు ఎప్పుడో అరిగిపోయింది. ఇద్దరూ ఒకటే మాట చెప్పి పోయారు: మా సామానుతో దిగు, మా మోటారు ముందు లాగు. బాషా ఏ సెట్టు తగిలించుకుంటే ఆ పార్టీ మనిషి అయినట్టే. రెండోవాళ్లు ఊరికే ఉండరు. ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఆ జీపుల్లో ఎవరికీ తట్టలేదు: ఆయన కింద ఊపిరి కూడా తీసుకోవాలి.

పెరట్లో బట్టలుతికే తొట్టి నింపి బాషా పనిలో పడ్డాడు. చాలా కాలం తర్వాత సొంత బడిలో అడుగుపెట్టిన అయ్యవారిలా ఉన్నాడు, చేతులు ఆగడం లేదు! గొట్టాన్ని మడిచి వెలుతురులో చూశాడు. సిలిండరు మెడ మీద గుద్దిన పరీక్ష తేదీని గోటితో తడిమాడు. గాలి కొంచెం విడిచి వాసన చూశాడు. నూనె వాసన వస్తే ఆ గాలి పనికిరాదు. సిలిండరు మూసి మూతిలోంచి పీల్చాడు. మూసి ఉన్నప్పుడు గాలి వచ్చిందంటే నీళ్లలో అదే దారిన నీళ్లొస్తాయి.

పాత సెట్టు మూతి రబ్బరు చిట్లి ఉంది. గాలి వచ్చేసింది. సిలిండరు మాత్రం గట్టిది, రెండేళ్ల కింద పరీక్ష చేసిన ముద్ర ఉంది. కొత్త సెట్టు మూతి వెన్నలా ఉంది, దాని సిలిండరుకు ముద్రే లేదు. ఇక దాని మీటరు! సిలిండరులో ఎంత గాలి మిగిలిందో చెప్పాల్సిన ముల్లు రెండు వందల దగ్గర నిలబడింది. బాషా పావుగంట గాలి విడిచాడు. అది కదల్లేదు. వేలితో తడితే ఉలిక్కిపడి నూట ఇరవైకి జారి, మళ్లీ రెండు వందలకే ఎక్కి కూర్చుంది.

బ్రాండు సంగతి అడిగితే బాషా దగ్గర ఒకటే సమాధానం ఉండేది. పేరు చూస్తే అది ఎట్లా పుట్టిందో తెలుస్తుంది, ఎట్లా పెరిగిందో తెలియదు. పైగా పేరు అచ్చువేయడం ముల్లు తయారుచేయడం కంటే తేలిక. మద్రాసులో రెండు రోజుల్లో రబ్బరు వాషరు దొరికే చిన్న కంపెనీ, ఏ వాషరుకైనా సముద్రాలు దాటి ఉత్తరం రాయాల్సిన పెద్ద కంపెనీ కంటే నయమనేవాడు. ఆ కొత్త సెట్టు అసలుదో నకిలీదో ఆయనకూ తేలలేదు. తేలాల్సిన అవసరమూ లేదు. ఆగిపోయిన ముల్లు అసలుదైనా చంపుతుంది.

అయితే ఈ మాట తూర్పు నాయకుడికి చెప్పేదెవరు? నీ సరుకు మంచిది కాదంటే నువ్వు వాడి మనిషివా అంటాడు. పడమటాయనా అంతే. తలపట్టుకున్న భర్తను ఆయన భార్య ఖదీజా ఒక ప్రశ్న అడిగింది. ఆమె పద్నాలుగేళ్లు ఒంటరిగా ఇల్లు నడిపిన మనిషి, మాటలు వృథా చేయదు.

"ఆ రెడ్ల జీపు పొద్దున్నే ఎవురు స్టార్ట్ చేస్తారు?"

బాషా తల ఎత్తాడు. ఆ కాలంలో బాంబు పెట్టి ఉంటారేమోనని నాయకుడెవరూ తన జీపు తాను స్టార్ట్ చేసేవాడు కాదు. ఒక మనిషి ముందెక్కి తాళం తిప్పేవాడు. చాయ్ కూడా ఆ మనిషే ముందు తాగేవాడు. తూర్పాయనకు దస్తగిరి, పడమటాయనకు దేవపాలు ఆ పని చేసేవాళ్లు. నాయకులు ఈ లోకంలో ఏ బ్రాండునూ నమ్మరు. ఆ ఇద్దరి ప్రాణాలనే నమ్ముతారు.

మరునాడు గని దగ్గర తిరునాళ్లంత జనం. పులివెందుల దిక్కు ముగ్గురాయి గని నుంచి కప్పీ, గొలుసు వచ్చాయి. నాయకులిద్దరూ చెరో గట్టున కుర్చీల్లో కూర్చున్నారు. బాషా మధ్యలో నిలబడి, వినయంగా, అందరికీ వినపడేటట్టు చెప్పాడు.

"నేనొక్కన్నే దిగేవాన్ని రెడ్డీ. మీ సామాను మీ మనుషులే ముందు పీల్చి చూడాల. జీపుకుండే మర్యాద నాకు గూడా ఉండాల గదా."

ఇద్దరూ తమ మనుషులకు సైగ చేశారు. అది వాళ్ల పద్ధతే. దస్తగిరి, దేవపాలు లుంగీలు ఎగ్గట్టి ఒడ్డున నడుముల్లోతు నీళ్లలోకి దిగారు. ఊపిరి బిగపట్టవద్దని, తీస్తూ వదులుతూ ఉండమని బాషా పదిసార్లు చెప్పాడు. ఆరేళ్లుగా ఒకరి నీడ ఒకరు తొక్కని ఇద్దరూ భుజం భుజం తగిలేలా కూర్చుని తలలు ముంచారు. పైన రెండు బుడగల వరుసలు లేచాయి. జనం కాళ్ల వేళ్ల మీద నిలబడ్డారు!

నిమిషం కాకుండానే దేవపాలు దగ్గుతూ లేచాడు.

"నీళ్లొస్తాండాయి మామా, నోట్లేకి."

తూర్పు గట్టున ఈలలు లేచాయి. దస్తగిరి మాత్రం కదల్లేదు. పది నిమిషాలు హాయిగా పీల్చి, పెళ్లికొడుకులా లేచాడు. ముల్లు ఎక్కడుందని బాషా అడిగాడు. దస్తగిరి మీటరు చూసుకున్నాడు. మళ్లీ చూసుకున్నాడు. మొహంలో నవ్వు పోయింది.

"రెండు నూర్లే ఉండాది. దిగినప్పుడు గూడా అంతే ఉండె."

"పది నిమిషాలు పీలిస్తే గాలి తరగలేదంటావా?" అన్నాడు బాషా.

ఈసారి ఈలలు పడమటి గట్టున లేచాయి. అరవై అడుగుల కింద ఆ ముల్లును నమ్మితే ఏమవుతుందో దస్తగిరి తానే తన నాయకుడికి చెప్పాడు. రోజూ తాళం తిప్పేవాడికి ఆ లెక్క వేరే నేర్పాలా?

బాషా స్పానరు తీశాడు. పడమటి సిలిండరు, పడమటి మీటరు, తూర్పు మూతి, తూర్పు గొట్టం. మరలు సరిపోయాయి. మిగిలింది పక్కన పడేశాడు. ఇప్పుడా సెట్టు ఎవరిదో ఎవరూ చెప్పలేరు. దీన్ని రెండు వర్గాల ఐక్యత అని తర్వాత ఒక పెద్దమనిషి ప్రొద్దుటూరు సభలో పొగిడాడు. ఐక్యత లేదు, ఏమీ లేదు. తర్వాతి ఎన్నికల్లో ఆ రెండు గట్ల మీదా మళ్లీ బాంబులు పేలాయి. బాషాకు ఆ రోజు కావలసింది ఊపిరి.

బాషా నడుముకు కట్టుకున్న తాడు కొస పట్టుకోవడానికి రెండు వైపుల నుంచీ పదిమంది ముందుకొచ్చారు. బాషా ఆ కొస ఖదీజా చేతికిచ్చాడు. ఒక లాగు లాగితే బాగున్నానని, మూడు లాగితే పైకి తియ్యమని గుర్తు. ఆమె కువైట్ అలారం గడియారాన్ని రాయి మీద పెట్టుకుంది. పడమటి మీటరు రెండు వందలు చూపుతోంది; కొంత మిగులు ఉంచుకుంటే ఆ లోతులో గాలి పాతిక నిమిషాలకు లెక్క. అప్పటికీ రాకపోతే అడక్కుండా లాగేయాలి.

ఆయన మునిగాడు. తాడు జారింది, జారింది, ఆగింది. ఒక లాగు. పదో నిమిషంలో ఇంకొకటి. పదిహేనుకు ఏమీ లేదు. పద్దెనిమిది. ఖదీజా తాడును మణికట్టుకు చుట్టుకుంది. ఇరవై. బుడగలు వస్తున్నాయి, కాని పక్కకు జరిగి వస్తున్నాయి. ఇరవై రెండో నిమిషంలో తాడు మూడుసార్లు అదిరింది! ఆమెతో పాటు దస్తగిరి ఒక చెయ్యి, దేవపాలు ఒక చెయ్యి వేశారు. వద్దని ఆమె అనలేదు. తొందరపడొద్దని, మెల్లగా లాగమని మాత్రం గదిమింది.

బాషా తల నీటి పైకొచ్చింది. మూతి ఊడదీసి గాలి పీల్చుకోకముందే రెండు గట్లూ ఒకేసారి అడిగాయి, ముందు ఎవరి మోటారు అని.

"ఆడ చెయ్యి ముందర పెట్టుకుంటే చెయ్యి కనపడదప్పా. తగిలినదానికి తగిలిచ్చినా."

కప్పీ తిరిగింది. గొలుసు చివర బురద ముద్ద ఒకటి లేచి గట్టున పడింది. తూర్పు మోటార్లకు ఎర్ర రంగు, పడమటివాటికి పచ్చ రంగు. ఇద్దరి మనుషులూ తువ్వాళ్లతో, గోళ్లతో రంగు కోసం బురద గీకడం మొదలుపెట్టారు.

బాషా అటు చూడలేదు. మీటరును భార్య ముందు పెట్టాడు. ముల్లు ఎనభై దగ్గర ఉంది. ఖదీజా గడియారం చూసి, లెక్క సరిపోయిందన్నట్టు తల ఊపి, మణికట్టు నుంచి తాడు విప్పుకుంది.