సాబ్ ముందు సీట్లో ఉన్నప్పుడు

విశాఖలో దిగింది జూన్ చివర, మధ్యాహ్నం రెండున్నరకి. అంతకు ముందు మంచు కొండల్లో బండ్లు తోలాను, తోలించాను. స్టేషన్ బయటకు వచ్చి ట్రంకు పెట్టె దించేసరికి చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఎండ లేదు. గాలీ లేదు. నాది మార్కాపురం వైపు. మా దగ్గర చెమట పడితే ఆరుతుంది. ఇక్కడ ఆరదు.

హవల్దార్‌గా మిలిటరీ బండ్ల షెడ్డు నా చేతికి వచ్చింది. గాజువాక దాటాక ఉండేది. పొద్దున బానెట్ తుడిస్తే గుడ్డ నల్లగా వచ్చేది. మధ్యాహ్నానికి మళ్లీ అంతే నలుపు. పోర్టులో బొగ్గు గుట్టల వైపు నుంచి గాలి తిరిగితే టీ గ్లాసు మీద కూడా చెయ్యి అడ్డం పెట్టుకోవాలి.

వారం తర్వాత ఆఫీసర్ల కోసం కొత్త కారు వచ్చింది. డాష్‌బోర్డు మధ్యలో పెద్ద గాజు తెర. పాటలు, దారి, ఏసీ, అద్దం మీద ఆవిరి పోగొట్టే గాలి, అన్నీ అందులోనే. పాత జీపులో మూడు నాబ్‌లు ఉండేవి. రెండు జతల చేతి తొడుగులు వేసుకున్నా చెయ్యి వాటిని వెతుక్కునేది. కన్ను రోడ్డు మీదే ఉండేది. ఈ తెరను చెయ్యి వెతకలేదు. ఎక్కడ తడిమినా నున్నగా ఉంటుంది. అద్దానికి గాలి కావాలంటే ముందు ఏసీ బొమ్మ నొక్కాలి. పేజీ మారేదాకా ఆగాలి. అప్పుడు కింద మూలనున్న చిన్న బొమ్మ నొక్కాలి. గతుకు వస్తే వేలు పక్క బొమ్మ మీద పడుతుంది. అప్పుడు సీటు వేడెక్కుతుంది. విశాఖలో, జులైలో, సీటు వేడెక్కుతుంది.

బండి పెట్టే కూతల సంగతి వేరే. బెల్టు పెట్టకపోతే ఒక కూత. తలుపు సరిగా పడకపోతే అదే కూత. రోడ్డు మీది గీత దాటితే అదే కూత. నాలుగు రోజులకి మావాళ్లు దాన్ని వినడం మానేశారు. బండి అప్పగించడానికి వచ్చిన కంపెనీ కుర్రాడికి ఇదంతా చెప్పాను. "చేత్తో ముట్టుకోనక్కర్లేదు సార్, నోటితో చెప్తే చేస్తుంది" అన్నాడు. మా డ్రైవర్ చెప్పాడు. మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాడు. మళ్లీ చెప్పమంది.

"మా యావిడ నయం ఉస్తాద్. రెండోసారికి ఇంటాది" అన్నాడు డ్రైవర్.

అతని పేరు పైడిరాజు. నాయక్ ర్యాంకు, నాకంటే ఒక మెట్టు కింద. పద్మనాభం దగ్గర పల్లె. పన్నెండేళ్ల సర్వీసులో బండికి గీత పడనివ్వలేదు. ఇంకో ఏడాది అలాగే గడిస్తే డ్రైవింగ్ నేర్పే ఉస్తాద్‌గా ట్రైనింగ్ సెంటర్‌కి పంపిస్తారు. అతనికి కావలసింది అదొక్కటే. ఖాళీ దొరికితే కొత్తవాళ్లను కూర్చోబెట్టి క్లచ్ మీద పాదం ఎలా ఆనించాలో చెప్పేవాడు. మరీ విసిగిస్తే కో-డ్రైవర్ అడ్డుపడేవాడు. అతనిది శ్రీకాకుళం.

"ఏటి బావ, కారు తోల్తన్నావా, టీవీ సూత్తన్నావా?" అని ఆ తెర చూపించి ఏడిపించేవాడు.

అది వేళాకోళమే అయినా నాకు గుచ్చుకుంది. తెర వైపు చూస్తే రోడ్డు చూడనట్టే. అందుకని ఒక ఆర్డర్ రాసి షెడ్డు గోడకు అంటించాను. డ్రైవర్ తెర ముట్టుకోకూడదు. "అద్దం" అని అరవాలి. పక్కన కూర్చున్న కో-డ్రైవర్ నొక్కి, "అయింది" అనాలి. రెండు రోజులు డ్రిల్లులా చేయించాను. బాగా కుదిరింది. కంపెనీ చెయ్యలేని పని నేను చేశానని లోపల గర్వం కూడా కలిగింది.

మూడో రోజు పైడిరాజు వచ్చి నిలబడ్డాడు.

"ఉస్తాద్, సాబు ముందు కూకుంటారు గదా. కో-డ్రైవరు ఎనక్కెళ్లిపోతాడు. మరప్పుడు తెర ఎవులు నొక్కుతారు?"

మా బండ్లలో అదే పద్ధతి. ఆఫీసర్, అంటే మా మేజర్, ఎక్కితే ముందు ఎడమ సీటు ఆయనది.

"ఏం, మేజర్ సాబ్‌కి ఆర్డర్ ఇస్తావా? నాయక్ చెప్తే మేజర్ బటన్ నొక్కాలా? పో, బండి కడుగు" అన్నాను.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అతనూ నవ్వి వెళ్లిపోయాడు. అడిగింది సరైన ప్రశ్నేనని నాకు ఆ క్షణమే తెలుసు. జవాబు లేదు కాబట్టి కసిరాను. అది నా అలవాటు. మా ఇంట్లో కూడా తెలుసు.

ఆగస్టులో ఒక సాయంత్రం. వాన మధ్యాహ్నం నుంచీ ఆగలేదు. మేజర్ సాబ్ స్టోర్ తనిఖీ ముగించుకుని మద్దిలపాలెం వైపు మీటింగుకు బయల్దేరారు. పైడిరాజు స్టీరింగ్ మీద, మేజర్ పక్కన, కో-డ్రైవర్ వెనక. నేను షెడ్డులో వైర్‌లెస్ దగ్గర ఉన్నాను. ఆరున్నర దాటాక సెట్‌లో కో-డ్రైవర్ గొంతు పలికింది.

"కంట్రోల్, కంట్రోల్. బండి గుద్దీసింది. సాబు బాగున్నారు. డ్రైవర్ కాలు బయటికి రాట్లేదు. ఓవర్."

"ఎక్కడ?"

"ఆటోనగర్ దాటినాక, హైవే ఎడం పక్క. ఆగున్న ఇనప కాయిల్స్ ట్రైలర్. ఎనక లైటు లేదు. ఓవర్."

నేను వెళ్లేసరికి కారు ముందుభాగం ట్రైలర్ కింద ఉంది. కాలు తీయడానికి రాడ్లతో పెడల్ వంచాల్సి వచ్చింది. పైడిరాజు అరవలేదు. ఎవరు పలకరించినా ఒకటే అడిగాడు, "సాబుకేటీ అవలేదు గదా?"

కో-డ్రైవర్ నుదుటి మీద రుమాలు అదుముకుని వానలోనే చెప్పాడు.

"సాబుకి జలుబు. ఏసీ ఆపమన్నారు. అద్దం తెల్లగా అయిపోనాది ఉస్తాద్. బావ సేత్తో తుడిసాడు, మళ్లీ తెల్లగా అయిపోనాది. నాను ఎనక నుంచి సెయ్యి సాపితే సాబు బుజం అడ్డం. బావ ఆయనొంక సూసాడు. ఏటీ అన్లేదు. తనే తెర మీదకి వొంగాడు. మొదట నొక్కితే సీటు బొమ్మ ఎలిగింది. రెండోసారి వొంగాడు, అంతే."

మర్నాడు మిలిటరీ ఆసుపత్రి వరండాలో మేజర్ కనిపించారు. ముక్కు మీద ప్లాస్టర్. ముఖానికి ఎయిర్‌బ్యాగ్ తగిలిన ఎరుపు ఇంకా ఉంది. హిందీలో నెమ్మదిగా అన్నారు.

"నన్ను ఒక్క మాట అడిగి ఉంటే నొక్కేవాణ్ణి హవల్దార్. నేను ఖాళీగానే కూర్చున్నాను. ఎందుకు అడగలేదు?"

సెల్యూట్ చేసి పైడిరాజు వార్డు వైపు నడిచాను.

విచారణ మొదలయ్యేలోపు ఆ ఆర్డర్ కాగితం గోడ మీద నుంచి చింపేద్దామని అనిపించింది. అనిపించలేదని చెబితే అబద్ధం. చింపలేదు. విచారణలో పైడిరాజు అడిగిన ప్రశ్న, నేనిచ్చిన జవాబు, చుట్టూ నవ్వినవాళ్ల నవ్వుతో సహా చెప్పాను. నాకు మందలింపు పడింది. పైడిరాజు రికార్డులో తప్పు రాయలేదు. పన్నెండేళ్ల రికార్డు శుభ్రంగానే మిగిలింది. కుడి చీలమండ మాత్రం వంగలేదు. మూడుసార్లు ఆపరేషన్ చేసినా వంగలేదు. బ్రేకు నొక్కలేని మనిషి బండి తోలడం ఎవరికి నేర్పుతాడు?

మేజర్ కొత్త ఆర్డర్ మీద స్వయంగా సంతకం చేశారు. ముందు సీట్లో ఎవరు కూర్చుంటే వాళ్లే నొక్కాలి, ర్యాంకుతో పని లేదు. డ్రైవర్ అడగాలి. అడగకపోతే అది డ్రైవర్ తప్పు. అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఒక్క నాబ్ పెట్టి ఉంటే ఈ ఆర్డర్లేవీ అక్కర్లేదు. పాడైన కారు బదులు ఇంకోటి వచ్చింది. ఆత్రంగా తలుపు తీసి చూశాను. తెర ముందుదాని కంటే పెద్దది. ముందు కారులో మిగిలి ఉన్న ఒక్క బటన్ కూడా తీసేశారు, లోపల చూడ్డానికి బాగుండాలని.

ఆ కోపం న్యాయమైనదే. కానీ తప్పంతా కంపెనీ మీద పెట్టి చాలాకాలం హాయిగా తిరిగాను. నాబ్ తీసేసింది కంపెనీ. అడిగే నోరు నొక్కేసింది నేను.

మరుసటి ఏడాది చలికాలంలో నా సర్వీసు ముగిసింది. ఊరికి వెళ్లే రోజు పొద్దున నన్ను స్టేషన్‌కి తీసుకెళ్తున్న బండి గేటు దగ్గర ఆగింది. గేటు డ్యూటీలో పైడిరాజు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. లేవబోతే వద్దన్నాను. దిగి దగ్గరకు వెళ్లాను.

"ఎల్లిపోతన్నారేటి ఉస్తాద్?"

"పోతున్నా. ఆ రోజు నువ్వు అడిగింది..."

"ఒగ్గీండి. సాబుని అడగడానికి నాకూ నోరు రాలేదు గదా" అన్నాడు.

ఇంకేదో చెప్పాలనుకున్నాను. అంతలో బయటి రోడ్డు నుంచి నీళ్ల లారీ ఒకటి గేటు వైపు వేగంగా మలుపు తిరిగింది. లారీ డ్రైవర్ తల కిందికి ఉంది, ఫోనో మరొకటో. పైడిరాజు అటు చూస్తూనే ఉన్నాడు. నాతో మాట్లాడుతూనే ఉన్నాడు. స్టూలు కింద, వంగని ఆ కుడి పాదం సిమెంటు నేలను గట్టిగా తొక్కింది. లారీ ఆగేదాకా తొక్కిపట్టి ఉంచింది.

ఇప్పుడు మా ఊళ్లో ఎవరి కారు ఎక్కినా, అద్దం మసకబారితే ముందు నేనే నొక్కుతాను. అయినా ఆ పాదం కనిపిస్తుంది. దాని కింద ఏ పెడలూ లేదు.