సత్తెమ్మ అవ్వ కడియం ఫొటో

చదువుకున్నవాడు ఒక ముసలమ్మ పండుగను ఎంత సులువుగా పాడు చేయగలడో తెలుసుకోవాలంటే మీరు నా దగ్గరికే రావాలి. శంషాబాద్‌లో విమానాశ్రయం తెరిచిన కొత్తలో, పరిశోధక విద్యార్థిగా తొండుపల్లిలో సత్తెమ్మ అవ్వ ఇంట్లో గది కిరాయికి తీసుకున్నాను. ఆమెకు బోలు వెండి కడియాలుండేవి. అడుగు వేస్తే ఎడమకాలి కడియంలో ఏదో గలగలమనేది.

"అండ్ల మా అత్త బంగారం దాచిందంటరు బిడ్డా. కోసి చూద్దామంటే పానం ఒప్పది" అంది.

వస్తువును కోయకుండా లోపల చూడడమే నా పరిశోధన. ఎక్స్‌రేలో లోహం తెలుస్తుంది. అణు రియాక్టర్ నుంచి వచ్చే న్యూట్రాన్లతో తీస్తే ఆ లోహం చాటునున్న మైనం, లక్క, నూనె తెలుస్తాయి. రెండు బొమ్మలూ కలిపితే ఇక దాగేదేముంది? నా ఛాతీ పూరీలా ఉబ్బింది.

"నాకియ్యి అవ్వా, బొంబాయిల ఫొటో తీపిస్త."

"బోనాలకు రెండు కాళ్లకుండాలె. ఏమన్న ఐతదా?"

"ఫొటో తీస్తే ఏమైతది అవ్వా!"

ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది.

బొంబాయిలో బొమ్మలు అద్భుతంగా వచ్చాయి. ఎక్స్‌రేలో బంగారం జాడ లేదు. న్యూట్రాన్ బొమ్మలో విరిగిన లక్క ముక్క. కడియం కోసం చేయి చాపాను. అక్కడి రియాక్టర్ అధికారి, గుంటూరు మనిషి, ఆపాడు.

"దరఖాస్తులో ఇత్తడి అని రాశారు, ఇది వెండి కదండీ?"

అలవాటుగా రాసేశాను. అంతకుముందు నేను తెచ్చినవన్నీ ఇత్తడివే.

"న్యూట్రాన్లు తగిలి దీనికి రేడియోధార్మికత అంటుకుందండీ. ఇత్తడైతే కొన్నాళ్లకు తగ్గేది. వెండికి ఏడాది పైనే పడుతుంది. అందాకా సీసం పెట్టెలోనే. మీకు తెలియదా?"

తెలుసు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

శంషాబాద్‌లో దిగి బయటికొచ్చేసరికి అవ్వ ఆటో మాట్లాడుకుని వచ్చి నిలబడి ఉంది.

"ఏది బిడ్డా?"

"ఆడనే ఉంది అవ్వా. జర చల్లారాలె."

"పొయ్యి మీద పెట్టిన్రా ఏంది?"

"గట్ల కాదు. కంటికి కనబడని మంట."

"ఎప్పుడు చల్లారుతది?"

"వచ్చే ఏడు... బోనాలైనంక."

"మరి బంగారం?"

"లక్క."

అవ్వ అక్కడే కూలబడింది. దిగిన విమానంలోనే సీటు కింద దాక్కుని మళ్లీ బొంబాయి పోయుంటే బాగుండేదనిపించింది.

బోనాలనాడు ఆమె ఒక్క కడియంతోనే బోనమెత్తింది. తల దించుకుని వెనకే నడిచాను. వాడకట్టు ఆడవాళ్లు ఊరుకుంటారా?

"సత్తెమ్మా, ఇంకోటేదే?"

అవ్వ నా వైపు వేలు చూపింది. "బొంబాయిల ఫొటో దిగుతున్నది. వచ్చే ఏడు వస్తది."

అమ్మవారి ఎదుటే ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో ఎవరి నగనూ న్యూట్రాన్ల ముందు పెట్టను. పెళ్లిలో ఎవరైనా సెల్‌ఫోన్ ఇచ్చి ఫొటో తీయమన్నా, ముందు నగలు తీసి పక్కన పెట్టమంటాను.