అమ్మ పక్కన కూర్చోవలసిన వారం

కొత్తగా చేరిన అంగన్‌వాడీ టీచర్లకు కరదీపిక చదివి వినిపించడం సూపర్‌వైజర్‌గా నా పనుల్లో ఒకటి. మొగుళ్లపల్లి వైపు చేశాను, మానుకోటలో చేశాను, ఇప్పుడు జనగామ జిల్లాలో చేస్తున్నాను. జిల్లాలు మారినా ప్లాస్టిక్ కుర్చీలు, చల్లారిన ఉప్మా మారలేదు. చదివీ చదివీ నా గొంతు నాకే విసుగనిపించేది.

ఇక్కడ చదివి వినిపించిన ఒక విడతలో జనగామ టౌన్‌లో పెరిగిన ఒక ముస్లిం అమ్మాయి ఉంది. కొడకండ్ల దగ్గరి ఊరికి కోడలుగా వెళ్లింది. ఆ ఊరి పక్క లంబాడీ తండాలోనే ఆమె సెంటర్. కొత్తగా చేరే పిల్లల గురించి కరదీపికలో ఒక పేజీ ఉంటుంది. మొదటి వారం తల్లి బిడ్డ పక్కనే కూర్చోవాలి, తర్వాత కొంచెం కొంచెంగా దూరం జరగాలి. చదివాను. ఎవరూ ఏమీ అడగలేదు. బస్సు దొరుకుతుందని సంతోషపడ్డాను.

పత్తి ఏరే రోజుల్లో ఆమె ఫోన్ చేసింది. మూడేళ్ల పాప ఒకతె గడప దాటి లోపలికి రావడం లేదట. తల్లి దింపేసి కూలీల ఆటో ఎక్కిపోతే, తిరిగి వచ్చేదాకా మెట్టు మీదే కూర్చుని ఏడుస్తోందట. గుడ్డు ముట్టదు. పాపకు తెలుగు రాదు, ఈమెకు లంబాడీ రాదు.

"యాడీ, యాడీ అని అమ్మను పిలుస్తదంతే మేడం. అమ్మను పక్కన కూసోవెట్టుమని పుస్తకంల ఉన్నది. కూసుంటే ఆమె కూలి పోతది. నన్నేం జేయమంటరు?"

పిల్లలు వాళ్లే అలవాటు పడతారని చెప్పాను. ఇన్నేళ్లుగా అందరికీ చెప్పే మాటే అది.

తర్వాతి వారం నేను వెళ్లేసరికి పాప మెట్టు మీదే ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. సాయంత్రం సెంటర్‌కు తాళం వేశాక టీచర్ ఇంటికి వెళ్లకుండా పాపను వెంటబెట్టుకుని తండా ఇళ్లవైపు నడిచింది. నాలుగు రోజుల నుంచి ఆమె రోజూ ఇలాగే పాప వాళ్లింటికి పోతోందట. ఆలస్యమవుతోందని ఇంట్లో అత్త సణుగుతోందట. డ్యూటీ అయిపోయాక చేసిన పనికి ఎవరూ లెక్క కట్టరని, ఇలాంటి పిల్లలు ఏటా వస్తారని చెప్పాను. ఆమెకు కోపం రాలేదు.

"అమ్మ మన దగ్గరికి వచ్చి కూసోలేదు మేడం. నేనన్న పోయి అమ్మ పక్కన కూసోవాలె గద."

నేనూ వెంట వెళ్లాను. ఆటో దిగిన తల్లి జుట్టు నిండా పత్తి నూగు. నన్ను చూసి భయపడింది.

"పాప పేరు కొట్టేస్తరా మేడం?"

లేదన్నాను. ఆమె పొయ్యి ముట్టించి రొట్టెలు చేస్తుంటే టీచర్ పక్కనే నేల మీద కూర్చుని, లంబాడీలో నీళ్లను ఏమంటారు, అన్నాన్ని ఏమంటారు అని అడుగుతూ ఆ మాటలను తప్పుగా పలికింది. తల్లి నవ్వింది. తల్లి నవ్వడం చూసి పాప టీచర్ ముఖంలోకి చాలాసేపు చూసింది. నాకు మోకాళ్లు లాగుతున్నా లేవాలనిపించలేదు.

కొన్నాళ్లకు పాప లోపలికి వచ్చింది. ఒక్కోరోజు ఏడ్చేది, అయినా తినేది. జిల్లా మీటింగులో నేను లేచి, తల్లి రాలేకపోతే ఏం చేయాలో కరదీపికలో రాయమని అడిగాను. అది హైదరాబాద్‌లో అచ్చవుతుందని చెప్పి పై అధికారి వేరే విషయంలోకి వెళ్లిపోయారు.

పత్తి అయిపోయాక ఆ కుటుంబం బిల్డింగ్ పనికి పట్నం వెళ్లిపోయింది, పాపను తీసుకుని. ఆ సంగతి చెప్పడానికే టీచర్ ఫోన్ చేసింది.

"పోయేముందు సెంటర్‌కొచ్చి నా చెయ్యి పట్టుకుని నిలవడ్డది మేడం."

అక్కడ పాపను ఎవరు చూసుకుంటారో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. తర్వాత ఆమె, కొత్తగా ఇంకో బాబు చేరాడని, వాళ్లిల్లు తండా చివర ఉందని, ఈ సాయంత్రం పోతున్నానని చెప్పింది.