రెండు బస్తాల మొక్కు

మా అమ్మ మొక్కు తీర్చడానికి మేం మేడారం బయల్దేరాం. డెబ్బై ఒకటి యుద్ధంలో మా అన్న రాజేశం క్షేమంగా తిరిగొస్తే సమ్మక్కకు నిలువెత్తు బంగారం, అంటే అతని బరువుకు సరిపడా బెల్లం, ఇస్తానని మొక్కుకుంది. యుద్ధం ముగిసింది. అన్న సెలవు మీద వచ్చాడు. జాతర కూడా ఆ మాఘంలోనే పడింది.

పొద్దున ఐదున్నరకు హనుమకొండ బస్టాండు చేరాం. బెల్లం రెండు బస్తాలు. అన్న బక్కపలచని మనిషి, అతనికి ఒక బస్తా చాలు. రెండోది ఎందుకని అడిగితే అమ్మ "ఉండనీ తీ" అంది. దాన్ని బస్సు మీదికి ఎక్కించినవాణ్ని నేను కాబట్టి ఆ జవాబు నాకు అంత తొందరగా మింగుడుపడలేదు.

బస్సు కదిలేలోగా అన్న నన్ను టీ హోటల్లోకి తీసుకుపోయి మరోసారి హెచ్చరించాడు. వైమానిక దళంలో చేరేనాడు అమ్మ అతని చేత విమానం ఎక్కనని తన తల మీద ఒట్టు వేయించుకుంది. అప్పటినుంచీ తనది నేల మీద కూర్చుని మ్యాపులు గీసే ఉద్యోగమని చెప్పుకొస్తున్నాడు. నిజానికి అతను బాంబర్ విమానంలో నావిగేటరు. పైలట్ ఒక సర్దార్జీ, ముందు కూర్చుని నడుపుతాడు. అన్న వెనక ఇరుకు చీకట్లో మోకాళ్ళ మీద మ్యాపు పరుచుకుని, గడియారం చూస్తూ, ఎటు తిప్పాలో చెబుతాడు. యుద్ధంలో అన్నీ రాత్రి ప్రయాణాలే, కింద ఊళ్ళన్నీ దీపాలార్పుకుని ఉండేవట. ఒకసారి తుపాకీ గుళ్ళు తప్పించుకుని తిరిగొచ్చేసరికి పెట్రోలు అడుగంటింది, కింద అంతా మబ్బు. అన్న లెక్క చూసి ఇక్కడ దించమన్నాడు. సర్దార్జీ మారుమాట లేకుండా మబ్బులోకి దించేశాడు. మబ్బు కింద రన్‌వే ఉంది.

"లేకపోతే?" అన్నాను.

"అమ్మకు చెప్పకు" అన్నాడు.

ఒట్టు తప్పితే ఎవరి తల మీద వేశామో వాళ్ళకే కీడని అతని భయం. శత్రువు మీద బాంబులు వేసొచ్చినా ఆ భయం పోలేదు. నాకు మాత్రం ఉండదా, నోరు విప్పనని మాటిచ్చాను.

బస్సులో నా పక్కన డోర్నకల్ రైల్వే గార్డు ఒకాయన ఒక టిక్కెట్టు కొని సీటున్నర ఆక్రమించాడు. మిగిలిన సగంలో నేను వేలాడాను. అన్నకు డ్రైవరు వెనక సీటు దొరికింది, మా ఖర్మ. ఆరెపల్లి దాటగానే మొదలుపెట్టాడు. మలుపు ఎప్పుడొస్తుందో, మల్లంపల్లి ఎంతసేపట్లో చేరాలో, స్టీరింగు ఎటు తిప్పాలో గడియారం చూసి చెబుతూనే ఉన్నాడు. నేను దగ్గినా వినలేదు. ములుగులో ఇడ్లీలు తిని మళ్ళీ ఎక్కుతుంటే డ్రైవరు చేతులు జోడించాడు.

"సారూ, పన్నెండేండ్ల సంది ఇదే రోడ్డు మీద తిరుగుతాన. జర నన్ను నడపనియ్యి."

అమ్మ కిటికీలోంచి అడవి వైపు చూస్తూ నవ్వుకుంది.

పస్రా దగ్గర దిగి ఎడ్లబండి మాట్లాడుకున్నాం. గార్డు కూడా మా బండే ఎక్కాడు. అన్న ఎడ్లక్కూడా దారి చెప్పాడు. బండాయన కాసేపు విని, పగ్గాలు వదిలేసి చుట్ట ముట్టించాడు. ఎడ్లు వాటి మానాన అవి నడిచి మధ్యాహ్నానికి మమ్మల్ని మేడారంలో దించాయి.

జంపన్నవాగులో స్నానం చేసి, జనంలో తోసుకుంటూ తక్కెడ దగ్గరికి చేరాం. అన్న ఒక తట్టలో కూర్చున్నాడు. రెండో తట్టలో మొదటి బస్తా బెల్లంతోనే సరితూగింది. అతను దిగుతుంటే అమ్మ మామూలుగా అడిగింది.

"నీ ముందట కూసుండేటోడు ఎంత బరువుంటడు బిడ్డా?"

"ఎనభై రెండు కిలోలు" అన్నాడు అన్న.

విమానం ఎక్కే ప్రతి బరువూ లెక్క చూసుకునే మనిషి, ఠక్కున చెప్పేశాడు. ఆ తర్వాత నోరు మూసుకున్నా లాభం లేకపోయింది. నేను సమ్మక్క గద్దె వైపు తిరిగి దండం పెట్టుకుంటూ నిలబడ్డాను, అంత భక్తి నాకు అంతకుముందు ఎన్నడూ లేదు.

"పోయిన సెలవులల్ల రిక్షా ఎక్కి, ముందటోనికి ఇంటిదాక దారి చెప్పుకుంట వచ్చినవ్" అంది అమ్మ. "నేల మీద కూసుండేటోనికి గా అలవాటెట్లయితది? గాయన మంచిగుంటెనే నువ్వు మంచిగుంటవ్. అందుకే ఇద్దరికి మొక్కిన."

అన్న ఏడ్చాడు. నాకూ దుఃఖం ఆగలేదు. రెండో బస్తా మీద నా కోపం అప్పుడు పోయింది.

మనిషి కూర్చోకుండా తూచనని తక్కెడ దగ్గరున్నవాడు మొండికేశాడు. ముగ్గురం మా వెనకే వరసలో ఉన్న గార్డు వైపు చూశాం. స్టేషను మిషను మీద తాను ఎనభై తూగానని ఒప్పుకుని ఆయన పాపం ఎక్కి కూర్చున్నాడు. తక్కువైన రెండు కిలోలకు అన్న తన సంచీ ఆయన ఒళ్ళో పెట్టాడు. ఎక్కడో విమానం కింద నిలబడి ఉన్న సర్దార్జీకి తన నిలువెత్తు బంగారం సమ్మక్కకు ముట్టిందని తెలియనే తెలియదు.

మర్నాడు తిరుగు బస్సులో అన్న చాలాసేపు తటపటాయించి ఒట్టు సంగతి ఎత్తాడు.

"గది నేను గప్పుడే తీసి గట్టు మీద పెట్టిన" అంది అమ్మ. "చెప్తె ఇంక భయం లేకుంట ఎగురుతవని చెప్పలె."

మేడారం పోయేవాళ్ళు తాగే నీళ్ళు వెంట ఉంచుకోవాలి. పస్రా దగ్గర బండ్లకు కొదవ లేదు. బెల్లం అక్కడా అమ్ముతారు, ఈ ముక్క నాకు ముందే ఎవరూ చెప్పలేదు.

వరంగల్‌లో దిగేసరికి పొద్దుగూకింది. ముగ్గురం ఒకే రిక్షాలో ఇరుక్కున్నాం. ఎటు పోవాలని రిక్షా అతను అడిగాడు. అన్న సిగ్గుతో నోరు విప్పలేదు. ఇంకో వారంలో అతను మళ్ళీ డ్యూటీకి పోవాలి. అమ్మ అతని భుజం మీద చెయ్యి వేసింది.

"చెప్పు బిడ్డా. నువ్వు చెప్తెనే గద ఆయన ఇల్లు చేరేది."

అన్న గొంతు సవరించుకుని, ఎడమకు తిప్పమన్నాడు.