‘తింటి నాయనా’ అంటే నమ్మి: కోయిలకుంట్ల నుంచి కడప దాకా

నేను చదివింది ఏడో తరగతి. తప్పులుంటే మన్నించండి, సంతోషం పట్టలేక రాస్తున్నాను. మాది కోయిలకుంట్ల దగ్గర పల్లె. మా చిన్నోడు మద్దిలేటి కడపలో ఒక ట్రాన్స్‌పోర్టు కంపెనీకి పని చేస్తాడు. ఏ లారీ ఎక్కడుందో అద్దె గదిలో కూర్చుని కంప్యూటర్లో చూస్తుంటాడు, ఆఫీసుకు పోయే పని లేదు. తోడుండే ఇద్దరిలో ఒకడు పెళ్లి చేసుకుని, ఇంకొకడు బదిలీ అయి వెళ్లిపోయారు. ఆరు నెలలుగా మావాడు ఒక్కడే. రోజూ సాయంత్రం ఫోన్ చేసి తింటివా, అంటే తిన్నావా, అంటాను. తింటి నాయనా అంటాడు. మా వైపు అది పలకరింపు, ఇంకేమీ కాదు. పోయిన నెల ఒకరోజు మాత్రం మా దగ్గర మబ్బు పట్టింది గదా అని, మీ ఊర్లో వాన పడెనా అని అడిగాను. వాడు “తింటి నాయనా” అన్నాడు. మళ్లీ అడిగేలోపు ఫోన్ పెట్టేశాడు. ఆ మాట నా భార్య లక్ష్మమ్మకు చెబితే, ఆమె లేచి జొన్నపిండి కలపడం మొదలుపెట్టింది. రొట్టెలు, చెనక్కాయల పొడి మూటకట్టి నా చేతిలో పెట్టి, పొద్దున్నే పో అనింది.

మరునాడు ఆరుంబావుకు కోయిలకుంట్లలో జమ్మలమడుగు బస్సు ఎక్కాను. పెద్దవాళ్లకు రాయితీ ఉంది, ఆధార్ కార్డు చూపిస్తే అరవై రూపాయల్లో అయిపోయింది. గంటన్నర పైన ప్రయాణం. దారంతా నల్లరేగడి చేలు, నాపరాళ్ల గుట్టలు. మామూలుగా అయితే ఎవరి చేను ఎట్లుందో చూసుకుంటూ పోయేవాణ్ని, ఆరోజు ఏదీ కంటికి ఆనలేదు. నాలుగుసార్లు ఫోన్ చేశాను. మోగుతుంది, ఎత్తడు.

పక్క సీట్లో సుబ్బరత్నమ్మ అని ప్రొద్దుటూరావిడ కూర్చుంది, నర్సుగా చేసి రిటైరయ్యిందట. నేను ఫోన్ మీద ఫోన్ చేయడం చూసి ఏమైందని అడిగింది, అంతా చెప్పేశాను. మనిషి శానా కాలం ఒంటిగా ఉంటే ముందు నిద్ర పట్టదట, తర్వాత ఆకలి పోతుందట, ఆ తర్వాత నేను ఎవరికీ అక్కర్లేదనే మాట లోపలే తిరుగుతుందట. అది సోమరితనం కాదు, తిట్టొద్దు అని గట్టిగా చెప్పింది.

“పోతూనే పెండ్లి గిండ్లి అని మొదలుపెట్టొద్దు, అన్నా. చచ్చిపోవాలనిపిస్తాందా అని నోరు తెరిచి అడుగు.”

“అట్లడిగితే లేని ఆలోచన నేనే పెట్టినట్టు కాదా అమ్మా?”

“కాదు. అడక్కపోతేనే ఆ పిల్లోడు దాంతో ఒంటిగా కూర్చుంటాడు.”

జమ్మలమడుగులో ఇద్దరం బస్సు మారాం. ఆమె ప్రొద్దుటూరులో దిగిపోయింది. నేను కడప చేరేసరికి పదీ ముక్కాలు. బస్టాండు బయట ఆటో అతను ఎనభై అడిగాడు, బేరమాడే ఓపిక లేదు. ఏమప్పా, ఆస్పత్రికా అన్నాడు. కాదు, కొడుకు గదికి అంటే అద్దంలో నన్నొకసారి చూసి బండి తోలాడు.

నిజం చెబుతున్నాను, నేరుగా ఆ తలుపు దగ్గరికి పోవడానికి నాకు ధైర్యం చాలలేదు. సందు మొదట్లో వాడు తినే మెస్సు ఉంది, అక్కడ ఆగాను. నడిపేది ఖాజాబీ అనే ఆమె.

“మద్దిలేటి నాయనవా? పన్నెండు దినాలాయ వాడు ఈడికి రాక. ఫోన్ చేస్తే తింటి ఆంటీ అంటాడు. ఏం తింటాడు వాడు, గాలా?”

ఆమె పొయ్యి తగ్గించి, చేతిలో గరిటెతోనే నా వెంట మేడ ఎక్కింది. తలుపు కొట్టాను, పలుకు లేదు. మళ్లీ కొట్టాను, లేదు. ఖాజాబీ గరిటె తిప్పి నాలుగు దెబ్బలు వేసింది. గడియ తీసిన చప్పుడు వినబడింది.

గడ్డం పెరిగి, చొక్కా తిరగేసి తొడుక్కుని, నా బిడ్డ. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. ఇద్దరూ వస్తేనే అన్నం, ఒక్కడొస్తే పెట్టను అని చెప్పి ఖాజాబీ దిగిపోయింది. నేను మంచం మీద వాడి పక్కన కూర్చున్నాను. సుబ్బరత్నమ్మ చెప్పినట్టే అడిగాను.

వాడు నేల చూస్తూ చెప్పాడు. “ఇప్పుడు లేదు నాయనా. పోయిన వారం ఒకనాడు అనిపిచ్చె. ఎవరితోనన్నా చెబ్దామనుకుంటి. అప్పుడే నువ్వు ఫోన్ చేస్తివి. తింటివా అంటివి. తింటి అంటి.”

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఎన్ని వేలసార్లు అడిగి ఉంటానో. జవాబు కోసం ఒక్కసారీ ఆగలేదు. తప్పు నాదే నాయనా అన్నాను. వాడు ఏడ్చాడు, నేనూ ఏడ్చాను.

ఆ రోజు అక్కడే ఉండి, మర్నాడు ఎనిమిదిన్నరకు పెద్ద ప్రభుత్వాసుపత్రికి పోయాం. ఓపీ చీటీ రాయించుకుంటే మనసు డాక్టరమ్మ దగ్గర పదిన్నరకు పిలుపు వచ్చింది. నేనూ లేచాను. మీరు బయట కూర్చోండి అనిందామె. నలభై నిమిషాలు ఆ బల్ల మీద నేను పడిన అవస్థ ఆ దేవుడికే తెలియాలి. లోపల ఏం చెబుతున్నాడో, ఏం దాస్తున్నాడో. వాడు బయటికొచ్చి, “ఆకలైతాంది నాయనా” అన్నాడు. పట్టలేక పక్కనున్న ముసలాయనతో, నా కొడుక్కు ఆకలైతాందంట అని చెప్పేశాను. “అయితే పెట్టుపో, నాకేంటికి చెప్తాండావు” అన్నాడాయన. ఖాజాబీ దగ్గర మావాడు మూడు కారం దోసెలు తిన్నాడు. మూడు! నేను లెక్కపెట్టుకున్నాను.

నెలకు సరిపడా మాత్రలు ఇచ్చారు. మాట్లాడటానికి మాత్రం పదిహేను రోజులకోసారి రమ్మన్నారు. ఒక్కడే కూర్చుని తినొద్దని, పొద్దున ఫోన్ ముట్టుకోకముందే బయట నడిచి రమ్మని డాక్టరమ్మ చెప్పిందట. వారంలో రెండు రోజులు ఆఫీసులో కూర్చుని చేస్తానని వాడే మేనేజరును అడిగాడు. నేను ఐదు రోజులుండి తిరిగొచ్చాను.

భయం పోయిందంటే అబద్ధం. వాడు ఫోన్ వెంటనే ఎత్తకపోతే ఇప్పటికీ నాకు ఆ ఆరుంబావు బస్సే గుర్తొస్తుంది. కానీ ఇప్పుడు ఫోన్ చేస్తే ముందు నా సంగతి చెబుతాను: మోకాలు నొప్పి, మీ అమ్మతో పోట్లాట, మధ్యాహ్నం ఊరికే దిగులుగా ఉండటం. నీకు కూడా ఇట్లుంటుందా నాయనా అని వాడు అడుగుతాడు, ఉంటుంది అంటాను. నిన్న వాడు, “ఈ పొద్దు బాగలేదు నాయనా, మాట్లాడు” అన్నాడు. ఆ మాట వినగానే పండగ వచ్చినట్టయింది నాకు. బాగలేదన్నందుకు సంబరపడే తండ్రి ఉంటాడా అంటే, ఉన్నాడు, ఇదిగో నేనే. గంటసేపు మాట్లాడుకున్నాం.

ఇట్లాంటి పని మీద బయలుదేరేవాళ్లకు ఒక్క మాట. ఆధార్ కార్డు పెట్టుకుని ఎనిమిదిన్నరకల్లా ఓపీ దగ్గర ఉండండి. పిలుపు వచ్చినప్పుడు మాత్రం మీరు లోపలికి పోవద్దు. ఎంత కష్టమైనా సరే, బయట బల్ల మీద కూర్చోండి.